అమావాస్య ముందురోజు నీళ్లు

మురుగునీటి ఇంజనీరు అనేది పెళ్లిచూపుల్లో గర్వంగా చెప్పుకునే ఉద్యోగం కాదు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నన్ను చుట్టాలకు "నీళ్ల ఇంజనీరు" అనే పరిచయం చేసింది. అబద్ధమైతే కాదు కదా అని నేనూ ఊరుకున్నాను. మోత్కూరు పక్కన పల్లెలో పుట్టి, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మంచినీళ్లూ మురుగునీళ్లూ చూసుకుంటూనే రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, ఏం చదవమంటారు?" అని అడుగుతుంటారు. చదవాల్సింది మీకు కాలేజీలోనే చెప్పారు. నేను చెప్పగలిగింది నేను చెడగొట్టిన పనుల గురించి.

ప్రమోషన్ల సంగతి రాయను. టెండర్ల సంగతి అసలే రాయను. సాయిలు అనే ఒక ఆపరేటర్ గురించి రాస్తాను. నా సర్వీసు మొత్తంలో నేను పెట్టిన సంతకాల్లో ఒకటి అతని పేరు చెడగొట్టింది. దాన్ని బాగు చేయడానికి ఎంత తిరగాల్సి వచ్చిందో చెబితే మిగతా పాఠాలన్నీ అందులోనే వస్తాయి.

ముందు ముక్కు, తర్వాత రిపోర్టు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు ఒకాయన ఉండేవారు. మ్యాన్‌హోల్ మూత తీయించి, ప్యాంటు మడిచి, మోకాళ్ల మీద కూర్చుని వాసన చూసేవారు. మేం జేబురుమాళ్లు తీస్తే కోపం వచ్చేది. "రిపోర్టు వారానికొస్తది. ముక్కు ఇప్పుడే చెప్తది. అది మూసుకుంటే నువ్వేం ఇంజనీర్‌వి?" అనేవారు. మురుగు శుద్ధి బాగా జరుగుతున్న తొట్టి దగ్గర తొలకరి వాన పడ్డ చెలక నేల వాసన వస్తుంది. గాలి అందక కుళ్లుతున్న తొట్టి దగ్గర మురిగిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఈ తేడా తెలియని వాడికి ఎంత ఖరీదైన మీటరిచ్చినా దండగ. ఆ మాట ఇప్పటికీ అంటాను.

రెండో పాఠం తిరుమలగిరి దిక్కు ఒక పల్లెలో నేర్చుకున్నాను. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూడటానికి వెళ్లినప్పుడల్లా అక్కడి నీళ్ల మనిషి నన్ను ట్యాంకు పక్కనున్న నల్లా దగ్గరికే తీసుకెళ్లేవాడు. సీసాలో చుక్కల మందు వేస్తే పచ్చగా తిరిగేది. అంతా బాగుందని రాసి వచ్చేసేవాణ్ణి. ఒకరోజు ఒక ముసలమ్మ దారికడ్డంగా నిలబడింది.

"మంచిగున్న నల్లా కాడికే పోతవేంది కొడుకా? జర మా గల్లీల నల్లా సూడు."

వెళ్లి చూశాను. ఊరి చివరి నల్లా అది. చుక్కలు వేస్తే రంగు రాలేదు, క్లోరిన్ బొత్తిగా లేదు. ఆ గల్లీలో రెండిళ్లలో అప్పటికే విరేచనాలతో మంచం పట్టి ఉన్నారు. ఆ రోజు నుంచి ఏ ఊరికి వెళ్లినా ముందు చివరి నల్లాకే నడిచాను. నా కింద పనిచేసిన ప్రతి ఒక్కరికీ ఆ పాఠం విసుగొచ్చేదాకా చెప్పాను. నీళ్లు ఎక్కడ పట్టాలో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదన్న నమ్మకం అప్పుడే పుట్టింది. ఎప్పుడు పట్టాలన్నది వేరే ప్రశ్న అని తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇది మిషను కాదు

తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చింది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ ఇంట్లోకి పది బిందెలు వస్తే ఎనిమిది బిందెలు మోరీలోకి పోతాయి. నీళ్లు తెచ్చేవాడికి దండలు వేస్తారు, అవి ఎక్కడికి పోతాయో చూసేవాడు దండలకు ఆశపడకూడదు.

నారాయణపేట దిక్కు ఒక చిన్న పట్టణంలో నాకు మురుగు శుద్ధి ప్లాంటు బాధ్యత ఇచ్చారు. ఊరి పేరు రాయను, ఇప్పుడు అక్కడ అంతా సరిగానే నడుస్తోంది. మగ్గాల ఊరు, నూలుకు రంగులద్దే షెడ్లు ఒక గల్లీ నిండా ఉన్నాయి. ఊరికి దిగువన ప్లాంటు, దాని దిగువన చెరువు. ప్లాంటులో శుద్ధి చేసిన నీళ్లు ఆ చెరువులోకే పోతాయి. గొర్లు, బర్లు అక్కడే తాగుతాయి.

కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. మురుగును శుద్ధి చేసేది మోటార్లు కావు, కంటికి కనపడని క్రిములు. మురుగులోని మలినమే వాటి తిండి. వాటికి గాలి కావాలి, అందుకే బ్లోయర్‌తో తొట్టి అడుగు నుంచి గాలి కొడతాం. తిని గుంపులు గుంపులుగా అవి మడ్డిలాగా అడుగుకు దిగుతాయి, పైన తేట మిగులుతుంది. ఆ మడ్డిలో కొంత మళ్లీ తొట్టిలోకి తోలుతాం, ఎందుకంటే అదే మన పనివాళ్ల దండు. మొదటిసారి ప్లాంటు మొదలుపెట్టినప్పుడు ఇంకో ఊరి ప్లాంటు నుంచి ట్యాంకర్‌లో మడ్డి తెచ్చి, పేడా బెల్లమూ కలిపి పోశాం. బెల్లం దిమ్మలు చూసి వాచ్‌మన్ ఒకటి అడిగి పట్టుకుపోయాడు.

ఇదంతా నాకంటే బాగా చెప్పినవాడు సాయిలు. పగటి డ్యూటీ ఆపరేటర్. కాంట్రాక్టు మీద పనిచేసేవాడు, నలభై దాటిన మనిషి. వాళ్లింట్లో తరతరాలుగా గొర్లు కాస్తారు. నేను మొదటి రోజు గంటసేపు చెప్పిన పాఠం విని అతను ఒక్క మాట అన్నాడు.

"అంటే మంద సారు. టైముకు మేపాలె, గాలాడాలె, ఒక్కపారి బెదిరియ్యొద్దు. గంతే గద."

గంతే. నేనిప్పటికీ ట్రైనింగుల్లో ఆ మాటే చెబుతాను. తిండి, గాలి, తగినంత సమయం, ఉన్నట్టుండి దెబ్బ తగలకుండా చూడటం. మందకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

ప్లాంటులో రోజూ చేయాల్సిన పరీక్ష ఒకటుంది. తొట్టిలోని నీళ్లు లీటరు గాజు జాడీలో పట్టి, కదలకుండా పెట్టి, అరగంట చూడాలి. మడ్డి జాడీలో మూడో వంతు దాకా దిగి పైన తేటగా ఉంటే మంద బాగున్నట్టు. కలకగా ఉండిపోతే జబ్బు చేసినట్టు. సాయిలు ఆ అరగంటా జాడీ ముందు గొంతుక్కూర్చునే ఉండేవాడు. తర్వాత లాగ్‌బుక్కులో అంకె రాసేవాడు. వారానికోసారి నేను వెళ్లి ఆ పేజీల కింద సంతకం పెట్టేవాణ్ణి.

నేను విన్నది ఒక్క మాట

మొదటి నాలుగు నెలలు ప్లాంటు ముచ్చటగా నడిచింది. తర్వాత ఒకరోజు తొట్టి మీద తెల్లటి నురగ, మడ్డి బూడిద రంగుకు తిరిగింది, జాడీ కలకగా ఉండిపోయింది. మంద చచ్చింది. మళ్లీ పేడ, మళ్లీ ట్యాంకర్ మడ్డి, పదిహేను రోజులు తంటాలు. కోలుకుందనుకునే లోపల మళ్లీ అదే. ఆ తర్వాత నెలా అదే. చెరువులోకి మురుగు మురుగులాగే పోయింది. చేపలు తేలాయని ఊళ్లో వాళ్లు వచ్చి గేటు ముందు కూర్చున్నారు.

నేను లోపలికి వచ్చే మురుగు నీళ్లు పరీక్ష చేయించాను. ప్రతి నెలా మొదటి సోమవారం సీసా పట్టి ల్యాబుకు పంపడం నా పద్ధతి, నా రిజిస్టర్‌లో ఒక్క సోమవారం కూడా తప్పలేదు. రిపోర్టులన్నీ బాగున్నాయి. వచ్చే నీళ్లు మంచివే, మంద చస్తోంది, కాబట్టి గాలి అందడం లేదు. గాలి అందడం లేదంటే కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేయడం లేదు. జనరేటర్ వేయడం లేదంటే ఆపరేటర్ నిద్రపోతున్నాడు. చూడండి, ఎంత శుభ్రంగా అల్లుకొచ్చానో.

బ్లోయర్‌కు గంటలు లెక్కపెట్టే మీటరుంది. అది గాలి ఆగలేదని చూపించింది. మీటర్ చెడిపోయిందన్నాను.

ఆ వారం తనిఖీకి వెళ్తే బ్లోయర్ గదికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి ఉన్నాయి. అసలే ఒళ్లు మండుతోంది.

"ఎవరు కట్టిండ్రిది?"

సాయిలు ముందుకొచ్చాడు. "నేనే సారు. గని మీకొక ముచ్చట జెప్పాలె. అమాస వచ్చిందంటే మంద సస్తాంది. ముంగటి దినం నీళ్లు వేరేగుంటయి. ముట్టుకుంటే సబ్బునీళ్ల లెక్క చేతికి జారుతయి. వాసన గూడ మారుతది. మూడు నెలల సంది సూస్తున్న."

ఈ మాటలు మీరు ఇప్పుడు చదివారు. అందులో ఇంజనీరుకు కావాల్సిన సమాచారం మూడు ముక్కలుంది. ఏ రోజు, తాకితే ఎలా ఉంది, వాసన ఎలా ఉంది. నాకు మాత్రం "అమాస" అన్న మాటొక్కటే వినపడింది.

"అమాసకు దయ్యాలు తిరుగుతయని నాకు చెప్తవా? పనిల పండుకొని నిమ్మకాయలు కడుతున్నవా? ఇది ప్లాంటా, భూతవైద్యుని ఇల్లా?"

సాయిలు నిమ్మకాయ విప్పి తీసుకుపోయాడు.

మర్నాడు సిబ్బందినందరినీ ప్లాంటు ముందు నిలబెట్టి నా రిపోర్టు చదివాను. ఆపరేటర్ డ్యూటీలో నిద్రపోవడం వల్ల గాలి ఆగి ప్లాంటు దెబ్బతిన్నదని, అతన్ని తప్పించాలని. కింద నా సంతకం. కాంట్రాక్టు మనిషిని తీసేయడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. వారంలో ఐటీఐ చదివిన కొత్త ఆపరేటర్ వచ్చాడు. ఆ రోజు నేను మంచి నిర్ణయం తీసుకున్నానన్న ధీమాతో ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నల్ల చుక్కలు

కొత్త ఆపరేటర్ వచ్చిన నెలలోనే మంద మళ్లీ చచ్చింది. కొత్తవాడు, పని తెలియదనుకున్నాను. ఆ పై నెల మళ్లీ చచ్చింది. అప్పుడు మాత్రం నేను అక్కడే కుర్చీ వేసుకుని మూడు రోజులు కూర్చుని ఉన్నాను. బ్లోయర్ నిమిషం కూడా ఆగలేదని నా కళ్లతో చూశాను. మీటర్ చెడిపోలేదు. చెడిపోయింది నా తెలివి.

పాత లాగ్‌బుక్కులు తెప్పించి బల్ల మీద పరిచాను. సాయిలు రాత గుండ్రంగా, పొందికగా ఉంటుంది. పేజీలు తిప్పుతుంటే అంచున కొన్ని తేదీల పక్కన చిన్న నల్ల చుక్క కనిపించింది. కలం ఆడుతుందో లేదో చూసుకుని ఉంటాడనుకున్నాను. తర్వాత ఇంకోటి, ఇంకోటి. చుక్క ఉన్న ప్రతి పేజీలో జాడీ అంకె పడిపోయింది.

వాచ్‌మన్ గదిలో గోడకున్న తెలుగు క్యాలెండర్ పీకి తెచ్చాను. ఒక్కో చుక్కా సరిపోల్చాను. అన్నీ అమావాస్యలే, ఒక్కటీ తప్పలేదు. రెండు చుక్కలకు ముందురోజు తేదీ పక్కన సన్నగా "నీళ్లు జారుతున్నయి" అని కూడా రాసి ఉంది. ఆ రెండు పేజీల కిందా నా సంతకం ఉంది, బాగా వంపులు తిరిగి. అతను నాకు నోటితో చెప్పకముందే రాతలో చెప్పాడు. నేను చదవకుండా సంతకం పెట్టాను.

నాకు కలిగింది సిగ్గు. అంతకంటే గౌరవమైన పేరు దానికి లేదు.

అమావాస్యలు మొదటి సోమవారాలను చూసుకుని రావు కదా. నా రిజిస్టర్‌కు తెలిసింది ఒక క్యాలెండర్, ఊరు నడిచేది ఇంకో క్యాలెండర్. నేను సీసా పట్టిన సోమవారాల్లో ఒక్కటి కూడా అమావాస్య ముందురోజు పడలేదు. చివరి నల్లా గురించి ఊరూరా ఉపన్యాసమిచ్చినవాణ్ణి, చివరికి నాకు నేనే మంచిగున్న నల్లా చూపించుకున్నాను.

తర్వాతి అమావాస్య ముందురోజు తెల్లారగానే పది సీసాలు, రంగు మారే కాగితాలు పట్టుకుని మురుగు లోపలికి వచ్చే చోట కూర్చున్నాను. తొమ్మిదింటి దాకా మామూలు మురుగే. తొమ్మిదిన్నర తర్వాత నీళ్లు నల్లబడ్డాయి, బ్లీచింగ్ వాసన ముక్కుకు కొట్టింది. వేలు ముంచి చూశాను. సబ్బునీళ్లలాగా జారింది. కాగితం ముంచితే ముదురు నీలానికి తిరిగింది. కాస్టిక్ సోడా నీళ్లు. ఏ మంద బతుకుతుంది వాటిలో.

ఒక్కో మ్యాన్‌హోల్ మూత తీయిస్తూ ఎగువకు నడిచాను. దారి తిన్నగా రంగుల గల్లీలోకి పోయింది.

అక్కడ అంజమ్మ అని, అరవై ఏళ్లావిడ, ఆ గల్లీలో పెద్ద షెడ్డు ఆమెదే. చీర కొంగు బిగించి తొట్టి కడుగుతోంది. పక్కన కడిగిన తొట్లకు అప్పటికే పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి.

"ఇయ్యాలనే ఎందుకు కడుగుతున్నరక్కా?"

"రేపు అమాస గద సారు. అమాస నాడు మగ్గం ముట్టం, రంగు తొట్టి ముట్టం. ముంగటి దినమే తొట్లన్ని ఖాళీ జేసి, కడిగి, బొట్లు వెడ్తం. మా అత్త గట్లనే జేసింది, నేను గట్లనే జేస్తున్న. గల్లీ అంత గదే రివాజు."

నెలంతా వాడిన కాస్టిక్ నీళ్లు, నూలు తెల్లబరిచే బ్లీచింగ్ నీళ్లు, అన్ని షెడ్లవీ ఒకే పూట మోరీలోకి. మిగతా రోజుల్లో చెంబుడు చెంబుడుగా వచ్చేవి ఆ రోజు వరదలాగా వస్తున్నాయి.

"మీ నీళ్లకు మా ప్లాంటు చచ్చిపోతున్నదక్కా."

"ప్లాంటు సచ్చుడేంది సారు? అది మిషిని గాదా?" అని ఆమె నవ్వింది.

రెండు కాగితాలు

అప్పటి మా ఈఈ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. చెడ్డవాడేమీ కాదు, పనులు తొందరగా తేలిపోవాలనే రకం. రెండు నిమిషాల్లో తేల్చేశాడు.

"షెడ్లకు నోటీసులియ్యి, బంద్ చేయిద్దాం. ఆపరేటర్ సంగతంటవా, ఇడిసిపెట్టు. కొత్త మనిషున్నడు గద. తన రిపోర్ట్ తప్పని తానే రాసుకునేటోన్ని ఎక్కడన్న చూసినవా?"

నోటీసుల మాట నేను ఒప్పుకోలేదు. ఆ గల్లీ మోరీని ప్లాంటుకు కలిపింది మేమే, ఏ షెడ్డు ఎప్పుడు ఏం పోస్తుందని అడగకుండా ప్లాంటు కట్టిందీ మేమే. వచ్చే నీళ్ల ఎత్తుపల్లాలు సర్దడానికి ముందుగా ఒక పెద్ద తొట్టి కడతారు. మా ప్లాంటులోనూ ఉంది. మొదటి నాలుగు నెలలు వాడి, పంపు కరెంటు కలిసొస్తుందని దాన్ని వదిలేసి నీళ్లు తిన్నగా తోలుతున్నాం, ఆ తొట్టిలో సిమెంటు బస్తాలు పెట్టుకున్నాం. ఆ ఏర్పాటు మీద ఉన్నదీ నా సంతకమే.

రెండో మాట దగ్గర మాత్రం ఊగిసలాడాను. నిజం చెబుతున్నాను, నాలుగు రోజులు కాగితం ముట్టలేదు. రిటైర్మెంటు దగ్గర్లో ఉంది, ఎందుకొచ్చిన తలనొప్పి అనిపించింది. ఐదో రోజు సాయిలు ఇంటికి వెళ్లాను. అతని భార్య చెంబుతో నీళ్లిచ్చి, "గొర్లెంబడి పోయిండు సారు, చెరువు కింద ఉంటడు" అంది. ఒక్క మాట కూడా నిష్ఠూరమాడలేదు. చెంబు అరుగు మీద పెట్టి చెరువు దిక్కు నడిచాను.

చెరువు కట్ట కింద చెలకలో సాయిలు తన బామ్మర్ది గొర్లను కాస్తున్నాడు. నన్ను చూసి దూరం నుంచే నమస్తే పెట్టాడు.

"సాయిలూ, నువ్వు చెప్పింది నిజం. ముందురోజే నీళ్లొస్తున్నయి. చేతికి జారినయి."

"నాకెరుకనే గద సారు."

"చుక్కలు చూసిన."

"గిప్పుడు సూసిండ్రా?"

"పని మళ్ల ఇప్పిస్త, రా," అన్నాను.

అతను పక్క చేన్లోకి పోతున్న గొర్రెను అదిలించి వచ్చాడు. "పని సంగతి తర్వాత సారు. జీతం పోయిందని నాకు ఫికర్ లేదు, గొర్లున్నయి, బతుకుత. గని మందను ఇడిసిపెట్టి పండుకున్నడని మీరు అందరి ముంగట సదివిండ్రు. మా ఇండ్లల్ల గంతకంటె పెద్ద తిట్టు లేదు. నా బామ్మర్ది గొర్లు ఒప్పజెప్పుకుంట, 'బావా, పండుకోవు గద' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. నేను ఆ నవ్వు మర్సిపోలే."

"నువ్వు నిమ్మకాయ కట్టినవ్ గద, నాకు గట్ల అనిపిచ్చింది," అన్నాను. ఇంత జరిగాక కూడా నన్ను నేను వెనకేసుకొచ్చే బుద్ధి చూడండి.

"నిమ్మకాయ మా ఇంటామె కట్టుమన్నది, కట్టిన. నిమ్మకాయ కట్టింది నిజమే. నీళ్లు సూసింది గూడ నిజమే."

"ఏం చేయాల్నో చెప్పు సాయిలూ."

"యాడ సదివిండ్రో గాడనే సదువుండ్రి. గంతే."

ఆ సాయంత్రమే కాగితం రాశాను. రెండు రోజుల తర్వాత అందరినీ అదే చోట నిలబెట్టాను. కొత్త ఆపరేటర్, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్, కాంట్రాక్టు సూపర్‌వైజర్. సాయిలు బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను చదివాను. ప్లాంటు దెబ్బతినడానికి సాయిలు కారణం కాదు, అతను ఒక్క రోజు కూడా డ్యూటీలో నిద్రపోలేదు, అసలు కారణం అతను చెప్పినా, రాసినా నేను పట్టించుకోలేదు, తప్పు నాది. చిన్న కాగితమే, చివరి మాట దాకా చదివాను. సాయిలు బామ్మర్ది వైపు ఒకసారి చూశాడు. అతను తల వంచుకున్నాడు.

కాగితం ఒకటి ఈఈకి పంపాను. ఆయన వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అంతకుమించి ఆకాశమేమీ విరిగిపడలేదు. చిన్నవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను, తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందన్నది మనం మనకు చెప్పుకునే సాకు. ఒప్పుకోకపోతే పోయేది సాధారణంగా ఇంకొకరి ఉద్యోగం.

రివాజు, గుంత

సాయిలు మళ్లీ పగటి డ్యూటీకి వచ్చాడు, కొత్త ఆపరేటర్‌ను రెండో షిఫ్టుకు వేశాం. ముందు పెద్ద తొట్టిలోని సిమెంటు బస్తాలు తీయించి దాన్ని మళ్లీ వాడకంలోకి తెచ్చాను. తర్వాత సాయిలునూ వెంటబెట్టుకుని రంగుల గల్లీకి వెళ్లాను. షెడ్ల వాళ్లంతా అంజమ్మ వాకిట్లో కూర్చున్నారు. తొట్లు వేరే రోజు ఖాళీ చేయమని నేను మొదలుపెట్టగానే గొడవైంది. అమావాస్య నాడు మాసిన తొట్టి ఇంట్లో ఉంచుకోవడం కుదరదన్నారు. నేను పద్ధతులంటూ, నిబంధనలంటూ ఏదో చెప్పబోయాను. సాయిలు నా చెయ్యి పట్టి ఆపాడు.

"అక్కా, మీరు ప్లాంటు కాడికి ఒక్కపారి రాండ్రి. మందను సూపిస్త. సూసినంక మీ ఇష్టం."

మర్నాడు అంజమ్మా ఇంకో నలుగురూ వచ్చారు. సాయిలు రెండు జాడీలు పట్టాడు. ఒకదాంట్లో అంజమ్మ షెడ్డు నుంచి తెచ్చిన తొట్టి నీళ్లు కొద్దిగా కలిపాడు, రెండోదాన్ని ఊరికే వదిలాడు. అరగంట ఎండలో నిలబడి చూశారు. ఊరికే వదిలిన జాడీలో మడ్డి చక్కగా దిగి తేట తేలింది. తొట్టి నీళ్లు కలిపింది కలకగా, నురగతో అట్లాగే ఉండిపోయింది. నా నోటీసులు వంద ఇచ్చినా అంత పని చేసేవి కావు.

అంజమ్మ వంగి రెండు జాడీలూ చూసి అంది. "అమాసకు తొట్టి ఖాళీ గావాలె, గంతే. మోరీలనే పొయ్యాలని మా అత్త జెప్పలే."

అక్కడితో తేలింది. ప్రతి షెడ్డు వెనకా గచ్చు చేసిన గుంత ఒకటి. అమావాస్య ముందురోజు తొట్లు గుంతలోకి ఖాళీ అవుతాయి. బ్లీచింగ్ నీళ్ల ఘాటు ఎండకు రెండు రోజుల్లో తగ్గుతుంది. తర్వాత ఏ షెడ్డు ఏ రోజు ఎన్ని బిందెలు మోరీలోకి వదలాలో వంతులు వేసుకున్నారు. వంతుల కాగితం అంజమ్మ షెడ్డు గోడకే అంటించారు. రివాజు రివాజుగానే ఉంది. రంగు మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోదు, మంద రంగును తినదు, దానికి వేరే మందు వేసి దించాలి. అంతా బ్రహ్మాండంగా అయిపోయిందని రాస్తే అది అబద్ధం.

మీ ల్యాబులో తెలుగు క్యాలెండర్ ఒకటి వేలాడదీయండి. మీ ఊరి అంగడి ఏ రోజో, పెళ్లిళ్లు ఏ నెలలోనో, జాతర ఎప్పుడో, రంజాన్, బక్రీద్ ఎప్పుడో రాసి పెట్టుకోండి. ఊరు ఎట్లా బతుకుతుందో మోరీ అట్లాగే పారుతుంది. మీకు వీలైన రోజు సీసా పట్టకండి, ఊరికి వీలైన రోజు పట్టండి. ఇంకొకటి, మీ కింద పనిచేసే మనిషి నోట మీకు నచ్చని మాట వస్తే, ఆ మాట పక్కనున్న మాటలు కూడా వినండి.

సంతకం

గుంతలు పూర్తయ్యాక వచ్చిన మొదటి అమావాస్య నాడు నేను పొద్దున్నే ప్లాంటుకు వెళ్లాను. ముందురోజు నీళ్లు మామూలుగానే వచ్చాయని సాయిలు ఫోన్‌లో చెప్పాడు, అయినా కాలు నిలవలేదు. తొట్టి మీద నురగ లేదు. దగ్గరికి వెళ్లి వాసన చూశాను. తడిసిన చెలక వాసన వచ్చింది.

సాయిలు జాడీ నింపి గట్టు మీద పెట్టాడు. ఇద్దరం దాని ముందు గొంతుక్కూర్చున్నాం. మడ్డి మెల్లగా గుంపులు కట్టింది, దిగడం మొదలుపెట్టింది. పైన నీళ్లు తేటపడుతూ వచ్చాయి. అరగంట గడిచేసరికి జాడీ అవతల ఉన్న సాయిలు వేళ్లు నాకు తేటగా కనిపిస్తున్నాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎండ పడుతోందని పక్కకు జరిగాను.

అతను లేచి లాగ్‌బుక్కు తెచ్చాడు. అంకె రాశాడు. అంచున అలవాటు ప్రకారం నల్ల చుక్క పెట్టాడు, పక్కన సన్నగా ఏదో రాశాడు. పుస్తకం నా వైపు తిప్పి, కలం దాని మీద పెట్టాడు.

"సంతకం వెట్టుండ్రి సారు," అన్నాడు. "గీసారి సదివి వెట్టుండ్రి."

"అమాస. మంద మంచిగున్నది," అని రాసి ఉంది. చదివి పెట్టాను.